రంది పడే మనసుకు ఒక కథ



మనసు కుదురుగా లేనప్పుడు ఏదైనా గంభీరమైన పుస్తకం చదవమంటారు కొందరు. నేను మాత్రం తేలికైనదే చదవండంటాను. రెక్కల గుర్రం ఎక్కే రాకుమారుడి కథో, పెళ్లిపీటల మీద ముగిసే నవలో.

మా గొల్లపల్లి వైపు చాలా ఇళ్లల్లో మగవాళ్లు గల్ఫ్ దేశాలకు పోయి ఉంటారు. రెండు రోజులు ఫోను రాకపోతే ఇల్లాలికి రంది మొదలవుతుంది. పగలైతే బీడీలు చుడుతూనో, వంట చేస్తూనో గడిచిపోతుంది. రాత్రి దీపం ఆర్పాకనే అసలు బుగులు. ఒంట్లో బాగుందో లేదో, ఏజెంటు చెప్పిన పనే దొరికిందో లేదో, తెచ్చిన అప్పు ఎప్పుడు తీరుతుందో! ఒకటే ఆలోచన గానుగెద్దులా తిరుగుతుంది. పట్నంలో ఉన్న మనకు కారణాలు వేరు కావచ్చు, గానుగ మాత్రం అదే.

ఆ ఎద్దుకు మాటలే మేత. కథ చదివేటప్పుడు మనలోని మాటలన్నీ కథకే సరిపోతాయి, రందికి మేత తగ్గుతుంది. పైగా మనల్ని పీడించేది రేపేం జరుగుతుందో తెలియకపోవడం. ప్రేమ నవలలోనూ ఆత్రం ఉంటుంది గానీ, చివరికి మంచే జరుగుతుందన్న హామీ ముందే ఉంటుంది. అందుకే చదివిన పుస్తకాన్నే మళ్లీ తీసినా తప్పులేదు.

ఇది పెద్దలకు తెలియంది కాదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీమజిలీ కథలు’లో మణిసిద్ధుడికి తోడుగా నడిచే గొల్లపిల్లవాడి షరతేమిటి? దారిలో చూసిన వింత గురించి అడిగితే మజిలీలో దాని కథ చెప్పాలి. (ఊరి పేరునుబట్టి ఆ పిల్లవాడు మావాడే అంటుంటాను నేను.) అంత దూరం కథ లేకుండా ఎవరు నడుస్తారు చెప్పండి?

1947 జూలైలో మొదలైన ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యంగారు 1954లో ‘తోకచుక్క’తో ఆరంభించి మాంత్రికుల సీరియల్సు ఎన్నో రాశారు. ఎంత భయంకర రాక్షసుడొచ్చినా ఆ భయం హద్దు దాటదు. పత్రిక ఇప్పుడు రావడంలేదు గానీ పాత సంచికలు దొరుకుతాయి.

ఇక యద్దనపూడి సులోచనారాణిగారు. 2018లో ఆమె పోయినప్పుడు మా తరం ఆడవాళ్లకు ఇంటిమనిషి పోయినట్టే అనిపించింది. ‘సెక్రటరీ’ 1976లో సినిమాగా కూడా వచ్చింది. కారులో దిగే హీరోని చూపించి ఆడవాళ్లకు పగటికలలు అలవాటు చేశారని ఆమెను ఎత్తిపొడిచినవాళ్లున్నారు. నేనొప్పుకోను. బీడీలు చుట్టే ఆడదానికి రాజశేఖరం తన వాకిట్లో దిగడని బాగా తెలుసు. గంటసేపు ఆ కారు వెంట పోయి వచ్చి మళ్లీ తంబాకు గంప ముందు కూర్చుంటుంది. అందులో నష్టమేముంది?

ఇంగ్లండులో 2013 నుంచి గ్రంథాలయాలు, డాక్టర్లు కలిసి మనసు బాగులేనివారికి పుస్తకాలు సూచించే పద్ధతి నడుపుతున్నారు.

అన్ని పుస్తకాలూ పనికిరావు సుమా. యండమూరి ‘తులసిదళం’ నాకు ఇష్టమే, కానీ ఒంటరిగా పడుకునే ఇల్లాలికి రాత్రిపూట కాష్మోరా ఎందుకండీ! అలాగే వారాల తరబడి నిద్ర పట్టక, తిండి సయించక, గుండె దడదడలాడుతుంటే నవల చాలదు. డాక్టరుకు చూపించుకోవాలి. 2022లో ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

చదవడం రాని అత్తగారు ఇంట్లో ఉంటే పైకి చదివి వినిపించండి. కొడుకు గురించి ఆమెకూ రందే కదా. “తర్వాతేమైందే?” అని ఆమె అడిగితే మాత్రం దీపం ఇంకో పావుగంట వెలగనివ్వక తప్పదు.