అమ్మ వేసిన పాత్రలోకి

సురభి నాటక కుటుంబంలో పుట్టిన యువనటికి పాత్ర పుస్తకంలోంచి మాత్రమే రాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన ఈ నాటక సమాజంలో, బయట చాలాచోట్ల మగవాళ్లే స్త్రీ వేషాలు కడుతున్న కాలంలోనే ఆడవాళ్లు రంగస్థలమెక్కారు. అందుకే అక్కడ ‘మాయాబజార్’ నాటకంలోని శశిరేఖ నడక, పద్యం విరుపు అమ్మ నుంచో, పిన్ని నుంచో, అమ్మమ్మ నుంచో పిల్లలకు చేరతాయి. రంగస్థల జ్ఞాపకం ఒక్కరిలో దాగేది కాదు, మనుషుల మధ్య బతికేది అనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

వీడియో తీసి దాచుకుంటే చాలదా అనేవారున్నారు. వీడియో గొంతును నిలుపుతుంది, అది చిన్న మేలేమీ కాదు. కానీ ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి మాయలకు పిల్లలు కేరింతలు కొడితే మాటను క్షణం ఆపి మళ్లీ అందుకోవడం, తోటినటుడు పద్యం మరిచిపోతే అందించడం ఎదుట మనుషులుంటేనే అలవడే విద్య. ఈ వారసత్వం ఆడపిల్లకు సంకెల కాదా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. చదువుకుని వేరే ఉద్యోగానికి వెళ్లే దారి ఆమెకు తెరిచి ఉండాల్సిందే. అలాగే ఉండిపోవాలనుకునే అమ్మాయికి నాటకం మీద నెల గడవాలి. అందుకు చప్పట్లు చాలవు, మనం టికెట్ కొని చూడాలి.