కోవిడ్ ఆంక్షలు, పౌర స్వేచ్ఛ: అపోహలు – వాస్తవాలు

2020 మార్చి 22 సాయంత్రం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు ఆ నెలాఖరు దాకా లాక్‌డౌన్ ప్రకటించాయి. మరో రెండు రోజులకు దేశమంతటా 21 రోజుల లాక్‌డౌన్ మొదలైంది. అక్కణ్నుంచి రెండేళ్లపాటు ఎన్నికలు జరపొచ్చా, మండపం పెట్టొచ్చా, సరిహద్దు మూయొచ్చా, టీకా వద్దనొచ్చా అన్న ప్రశ్నలమీద కోర్టుల్లోనూ రాజకీయ వేదికలమీదా వాదులాట ఆగలేదు. ఆ వేడిలో పుట్టిన కొన్ని నమ్మకాలు ఇప్పటికీ చలామణిలో ఉన్నాయి.

అపోహ: లాక్‌డౌన్ అంటే ఎమర్జెన్సీ. ఆ కాలంలో ప్రాథమిక హక్కులు రద్దయ్యాయి.

కోవిడ్ కాలంలో దేశంలో ఎమర్జెన్సీ విధించనే లేదు. రాజ్యాంగం 352వ అధికరణం ప్రకారం యుద్ధం, విదేశీ దురాక్రమణ, సాయుధ తిరుగుబాటు, ఈ మూడే అందుకు కారణాలు. వాటిలో వ్యాధి లేదు. దేశవ్యాప్త లాక్‌డౌన్‌కు ఆధారం 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం. రాష్ట్రాలు దానికి తోడు 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద నిబంధనలు చేసుకున్నాయి. రెండూ మామూలు చట్టాలే కనుక, వాటి కింద వచ్చిన ప్రతి ఉత్తర్వునూ కోర్టులో నిలదీసే వీలు పౌరుడికి ఉండనే ఉంది.

ఇది కాగితానికే పరిమితమైన హక్కు కాదని గుజరాత్ కేసు తేల్చింది. 2020 ఏప్రిల్‌లో ఆ రాష్ట్ర ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో పనిగంటలు పెంచి, అదనపు పనికి రెట్టింపు కూలి ఇవ్వనక్కర్లేదని నోటిఫికేషన్ తెచ్చింది. మహమ్మారి వల్ల ‘పబ్లిక్ ఎమర్జెన్సీ’ వచ్చిందన్నది దాని వాదన. దేశ భద్రతకే ముప్పు తెచ్చే అంతర్గత అలజడి కింద మహమ్మారిని లెక్కకట్టలేమంటూ సుప్రీంకోర్టు ఆ ఏడాది అక్టోబర్ 1న ఆ నోటిఫికేషన్‌ను కొట్టేసింది.

అపోహ: ఆంక్షలు మీరిన వారిని కొట్టే అధికారం పోలీసులకు ఉండేది.

ఏ చట్టంలోనూ అలాంటి శిక్ష లేదు. ఉత్తర్వు ధిక్కరిస్తే అప్పటి శిక్షాస్మృతి 188వ సెక్షన్ కిందో, విపత్తు నిర్వహణ చట్టం 51వ సెక్షన్ కిందో కేసు పెట్టి కోర్టు ముందుకు తేవాలి. మాస్కు లేకపోతే తెలంగాణ వెయ్యి రూపాయల జరిమానా పెట్టింది. గుంజిళ్లు తీయించడం, లాఠీ ఝళిపించడం టీవీల్లో వేడుకలా చూపించినంత మాత్రాన చట్టబద్ధం కాలేదు.

అపోహ: ఆంక్షలు కోరేవారిది ఒక పార్టీ, వద్దనేవారిది మరో పార్టీ.

అమెరికాలో మాస్కు వేసుకోవడమే పార్టీ గుర్తులా మారిందన్న వార్తలు చూసి, ఇక్కడా అంతేననుకున్నవారు చాలామంది. ఆంధ్రప్రదేశ్ స్థానిక ఎన్నికల కథ వేరే సంగతి చెబుతుంది. 2020 మార్చి 15న రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్‌కుమార్ కరోనా కారణంగా స్థానిక ఎన్నికలను ఆరు వారాలు వాయిదా వేశారు. అప్పటికి నెల్లూరులో రాష్ట్రపు తొలి కేసు బయటపడి మూడు రోజులే అయింది. అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి వాయిదాను తీవ్రంగా తప్పుబట్టారు, ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. వాయిదాలో జోక్యం చేసుకోబోమని మార్చి 18న కోర్టు చెప్పింది. అయితే ఎన్నికల కోడ్ ఎత్తేయాలనీ, కొత్త తేదీలు పెట్టేముందు ప్రభుత్వాన్ని సంప్రదించాలనీ కమిషన్‌ను ఆదేశించింది. ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి కమిషనర్ పదవీకాలాన్ని ఐదేళ్ల నుంచి మూడేళ్లకు కుదించింది. దాంతో ఆయన పదవి పోయింది. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్స్‌ను కొట్టివేసింది.

ఏడాది తిరక్కుండానే పాత్రలు తారుమారయ్యాయి. 2021 జనవరిలో, మళ్లీ పదవిలోకి వచ్చిన అదే కమిషనర్ పంచాయతీ ఎన్నికలకు షెడ్యూల్ ఇస్తే, టీకాల కార్యక్రమం మొదలవుతోంది, ఉద్యోగుల ప్రాణాలకు ముప్పు, ఇప్పుడు ఎన్నికలు వద్దు అని ప్రభుత్వం అడ్డుచెప్పింది. హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం షెడ్యూల్‌ను నిలిపేసింది, డివిజన్ బెంచ్ ఆ ఉత్తర్వును పక్కనపెట్టింది. జనవరి 25న సుప్రీంకోర్టు ప్రభుత్వం, ఉద్యోగ సంఘాల పిటిషన్లను తోసిపుచ్చింది. ఫిబ్రవరిలో నాలుగు విడతల్లో పోలింగ్ జరిగింది. వాయిదాను మెచ్చిన ప్రతిపక్షం ఈసారి ఎన్నికలు కావాలంది. వాయిదాను తిట్టిన పాలకపక్షం ఈసారి వాయిదా కోరింది. ప్రజారోగ్యం పేరు రెండుసార్లూ వినపడింది, పలికిన నోళ్లే మారాయి.

ఇది ఒక్క రాష్ట్రపు వింత కాదు. రెండో అల ఎగసిపడుతున్న 2021 ఏప్రిల్ 17నే తిరుపతి లోక్‌సభకూ, నాగార్జునసాగర్ అసెంబ్లీకీ ఉప ఎన్నికలు జరిగాయి. ఆ నెల 20న తెలంగాణలో రాత్రి కర్ఫ్యూ మొదలైంది, 30న వరంగల్, ఖమ్మం నగరపాలికలకు పోలింగ్ జరిగింది. రాత్రి ఎనిమిదికే దుకాణం మూయాల్సిన చిరువ్యాపారికి పగటి ప్రచార సభలు ఎలా కనిపించి ఉంటాయో ఊహించడం కష్టం కాదు. ఆంక్షలమీద జనానికి నమ్మకం సడలడానికి పుకార్లు ఎంత కారణమో ఈ రెండు నాల్కల ధోరణీ అంతే కారణం.

అపోహ: ప్రార్థనా స్థలాలను మూయించడం మత స్వేచ్ఛను హరించడమే.

మత స్వేచ్ఛనిచ్చే 25వ అధికరణం తొలి మాటల్లోనే శాంతిభద్రతలు, నైతికతలతోపాటు ఆరోగ్యానికీ లోబడి అన్న షరతు ఉంది. 2020 మార్చి 20 నుంచి తిరుమలలో భక్తుల దర్శనం ఆగింది, స్వామికి నిత్య కైంకర్యాలు మాత్రం ఆగలేదు. జూన్ 11 నుంచి సామాన్య భక్తులను పరిమిత సంఖ్యలో అనుమతించారు. పూరీ రథయాత్రను జూన్ 18న ఆపిన సుప్రీంకోర్టే, 22న జనం రాకుండా జరుపుకొమ్మని అనుమతించింది. మరుసటి ఏడాది వినాయక చవితికి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా ఇలాంటి దారే చూపింది: బహిరంగ స్థలాల్లో మండపాలు వద్దు, ప్రైవేటు స్థలంలో కొద్దిమందితో పూజకు అభ్యంతరం లేదు.

దీనికి ఎదుటి అపోహ కూడా ఉంది: ఫలానా మతస్తుల వల్లే వైరస్ వ్యాపించిందని. 2020 మార్చిలో ఢిల్లీలో తబ్లిగీ జమాత్ అనే ముస్లిం సంస్థ కేంద్రమైన నిజాముద్దీన్ మర్కజ్‌కు వెళ్లివచ్చినవారిలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కేసులు బయటపడ్డ మాట నిజం. గాలి ఆడని చోట గుంపుగా కలిసి ఉంటే ఏ గుంపులోనైనా జరిగేది అదే. వారిమీద నేరం మోపడం మాత్రం వేరే సంగతి. తబ్లిగీ జమాత్‌కు చెందిన విదేశీయులపై పెట్టిన కేసులను 2020 ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం కొట్టేస్తూ, వారిని బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. 2021 హరిద్వార్ కుంభమేళాలో జనం లక్షల్లో చేరాక, ఇక దాన్ని లాంఛనప్రాయంగా జరపాలని ఏప్రిల్ 17న ప్రధాని విజ్ఞప్తి చేయాల్సి వచ్చింది. వైరస్‌కు కావలసింది మనిషి పక్కన మనిషే. వారు ఏ దేవుణ్ని కొలుస్తారన్నది దానికి అనవసరం.

అపోహ: రోగం ప్రబలితే పొరుగు రాష్ట్రం వారిని ఆపే హక్కు రాష్ట్రానికి ఉంటుంది.

2021 మేలో కర్నూలు దాటాక పుల్లూరు టోల్‌గేటు దగ్గర, కోదాడ వైపు రామాపురం దగ్గర తెలంగాణ పోలీసులు ఆంధ్రప్రదేశ్ అంబులెన్సులను నిలిపేశారు. హైదరాబాద్ ఆసుపత్రిలో ముందుగా పడక ఖాయమై, అనుమతి ఉంటేనే రానిస్తామన్నారు. రోగంతో కొట్టుమిట్టాడుతున్న మనిషిని ఆక్సిజన్ సిలిండర్‌తో సహా రోడ్డుమీద ఆపిన దృశ్యాలు రెండు రాష్ట్రాల్లోనూ కోపం రేపాయి. హైదరాబాద్ పడకలు స్థానికులకే చాలడం లేదన్న ప్రభుత్వ ఇబ్బంది కల్పితమేమీ కాదు. అయినా దేశంలో ఎక్కడికైనా వెళ్లే స్వేచ్ఛకూ, జీవించే హక్కుకూ అడ్డొచ్చే ఆ ఉత్తర్వు చెల్లదని తెలంగాణ హైకోర్టు మే 14న దాన్ని నిలిపేసింది.

అపోహ: టీకా చట్టరీత్యా తప్పనిసరి. లేదా, టీకా వేయించుకోనివారికి ఏ షరతూ పెట్టకూడదు.

రెండూ తప్పే. 2022 మే 2న జాకబ్ పులియెల్ కేసులో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ బి.ఆర్. గవాయ్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం, తన శరీరంపై మనిషికి ఉన్న హక్కు 21వ అధికరణంలో భాగమనీ, బలవంతంగా టీకా వేయరాదనీ చెప్పింది. అదే తీర్పులో, సమాజ ఆరోగ్యం కోసం షరతులు పెట్టొచ్చనీ, అవి ముప్పుకు తగ్గ మోతాదులో ఉండాలనీ అంది. టీకా వేసుకోనివారి వల్లే వ్యాప్తి ఎక్కువని చూపే ఆధారాలు ప్రభుత్వాలు తన ముందు పెట్టలేదనీ, కేసులు తక్కువగా ఉన్నంతకాలం అలాంటి షరతులను సమీక్షించుకోవాలనీ సూచించింది. ప్రభుత్వ టీకా విధానాన్ని మాత్రం తప్పుపట్టలేదు.

అపోహ: ఆంక్షలపై తిరుగుబాటు ఈ తరం పెడధోరణి.

అంటువ్యాధుల చట్టం పుట్టుకలోనే ఆ తగాదా ఉంది. బొంబాయి ప్రెసిడెన్సీలో ప్లేగు చెలరేగినప్పుడు 1897 ఫిబ్రవరిలో బ్రిటిష్ ప్రభుత్వం ఆ చట్టం చేసింది. పుణెలో సైనికులు ఇళ్లలో చొరబడి సోదాలు చేశారు, ఆడవాళ్లనూ పరీక్షించారు. ఆ ఏడాది జూన్‌లో ప్లేగు కమిషనర్ రాండ్‌పై చాపేకర్ సోదరులు కాల్పులు జరిపారు, ఆ గాయాలతో అతను తర్వాత చనిపోయాడు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరవాసులు ఫ్లూ మహమ్మారి వేళ 1919లో మాస్కులకు వ్యతిరేకంగా ఒక సంఘమే పెట్టుకున్నారు.

నాలుగే సెక్షన్లతో మొదలైన ఆ 1897 చట్టం ‘ప్రమాదకర అంటువ్యాధి’ అంటే ఏమిటో నిర్వచించలేదు. ఆంక్షలు ఎంతకాలం సాగొచ్చో, ఎవరు సమీక్షించాలో కూడా అందులో లేదు. 2020 సవరణ ప్రధానంగా వైద్య సిబ్బందిపై దాడులకు శిక్షలు చేర్చింది. ఇప్పటి అవసరాలకు ఆ చట్టం చాలదనీ, దాన్ని సమగ్రంగా సవరించాలి లేదా కొత్తది తేవాలనీ లా కమిషన్ 2024లో ఇచ్చిన 286వ నివేదికలో సిఫారసు చేసింది.