బొగ్గుగని మళ్ళీ పొలం అవుతుందా?

బాలలూ! హైదరాబాదులో నయాపూల్ మీద నిలబడి మీరెప్పుడైనా మూసీనదిని చూశారా? "నయాపూల్" అంటే కొత్త వంతెన. పేరుకు కొత్తదే గాని, అది పుట్టి నూరేళ్ళు దాటింది. ఒక ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం, అవతలి ఒడ్డున హైకోర్టు భవనం, సాలార్‌జంగ్ మ్యూజియం ఉన్నాయి.

గట్టి వాన కురిసిన మర్నాడు వంతెన మీది నుంచి చూస్తే నీరంతా మట్టిరంగుగా ఉంటుంది. ఆ మట్టి ఎక్కడో నేల మీది నుంచి కొట్టుకుని వచ్చింది. దాన్ని చూసి "బురద" అనుకుంటాం. కాని పైరును పెంచే మన్నూ అందులో ఉంది. నేలమీద అంగుళం మందాన అట్లాంటి మన్ను తయారు కావటానికి కొన్ని వందల ఏళ్ళు పడుతుంది!

ఇక సాయంకాలం వంతెన మీద దీపాలు వెలుగుతాయి. ఆ కరెంటు ఎక్కడిది? కొంత నీటి నుంచి, కొంత ఎండ నుంచి వస్తుంది. కాని తెలంగాణలో పెద్ద భాగం బొగ్గును కాల్చగా వచ్చేదే. ఆ బొగ్గు కోసం గోదావరి లోయలో నేలను తవ్వుతారు. అక్కడి పైరు నేల ఏమవుతుంది? ఈ నెల అదే తెలుసుకుందాం.

1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నదని కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలయింది. అదే నేటి సింగరేణి. మొదట చాలా కాలం నేలకింద సొరంగాలు తవ్వి బొగ్గు తీశారు. పైన పొలాలు పొలాలుగానే ఉండేవి. 1970ల నుంచి ఓపెన్‌కాస్టు గనులు వచ్చాయి. ఈ పద్ధతిలో పైనున్న చెట్టునూ, మట్టినీ, బండనూ అంతా తొలగించి, ఆకాశం కనిపించేటట్టుగా తవ్వి బొగ్గు తీస్తారు. పని త్వరగా అవుతుంది; కార్మికులకు ప్రమాదమూ తక్కువ. అయితే ఒక టన్ను బొగ్గు కోసం దానికి ఎన్నో రెట్లు మట్టీ, రాయీ తీసి పొయ్యాలి. ఆ పోసినవి గుట్టలవుతాయి. తవ్వినచోటు పెద్ద గొయ్యి అవుతుంది. అట్లాంటి నేలను అక్కడివాళ్ళు "బొందలగడ్డ" అంటారు. ఆ మాటలో ఎంత బాధ ఉందో, పొలం పోగొట్టుకున్న రైతుకు తెలుస్తుంది.

మరి ఆ గుట్టల మీద జొన్న చల్లితే మొలవదా? మొలకెత్తుతుంది గాని, బలంగా ఎదగదు. ఎందుచేతనంటే, అది పాతాళం నుంచి పైకి తెచ్చిన రాతిపొడి. సింగరేణి బొగ్గు చుట్టూ ఉన్న రాళ్ళు పాతిక కోట్ల ఏళ్ళకు పైబడినవి. వాటిలో కుళ్ళిన ఆకూ అలమూ లేదు. కంటికి కనిపించని సూక్ష్మజీవులు దాదాపు లేవు. పొలంలో పైన జానెడు మందాన ఉండే మన్ను వేరు. దానిలో చారెడు తీసుకుంటే, అందులో కోట్లాది సూక్ష్మజీవులుంటాయి. ఆకును కుళ్ళబెట్టి పైరుకు అన్నంగా మార్చేవి అవే.

మీ అమ్మ రాత్రి పాలు తోడు పెట్టటం చూశారు కదా? ఎన్ని పాలున్నా, చెంచాడు పెరుగు దాచి ఉంచకపోతే మర్నాడు పెరుగు లేదు. నేలకు కూడా అంతే. పైమన్నే దానికి తోడు!

అందుచేత తెలిసినవాళ్ళు గని తవ్వేముందు మొట్టమొదట పైమన్నును జాగ్రత్తగా ఎత్తి, వేరుగా పోస్తారు. దాన్ని ఎత్తుగా పొయ్యకూడదు; ఎక్కువ ఏళ్ళు ఉంచకూడదు. అడుగున గాలి ఆడక జీవులు చచ్చిపోతాయి. బొగ్గు తీసిన గోతిని రాతితో, మట్టితో పూడ్చి, చదును చేస్తారు. పెద్ద లారీల బరువుకు నేల గట్టిపడుతుంది. దాన్ని లోతుగా చీల్చాలి. ఆపైన దాచిన మన్ను పరుస్తారు. పూడ్చిన నేల కొన్నేళ్ళపాటు అక్కడక్కడా కుంగుతుంది కూడా. కనక ఓపిక కావాలి. పైగా కొన్ని గనుల రాళ్ళలో గంధకం ఉంటుంది. వానకూ, గాలికీ అది ఆమ్లంగా మారుతుంది. అందుచేత మట్టినీ, పంటనూ పరీక్ష చేసిగాని తినకూడదు.

ఇక మొదటి పంట ఏమిటి? జర్మనీలో రైన్ నది ప్రాంతపు గోధుమరంగు బొగ్గు గనుల దగ్గర, పూడ్చిన నేలమీద మెత్తటి మన్నును మందంగా పరచి, మూడేళ్ళపాటు లూసర్న్ గడ్డి పెంచుతారు. దాని వేళ్ళు లోతుకు పోయి నేలను గుల్ల చేస్తాయి. వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. ఆ తరవాతనే గోధుమ. ఇది మనకు కొత్త కాదు! మన రైతులు జనుమూ, జీలుగా, పిల్లిపెసరా చల్లి, పూత సమయానికి కలియదున్నుతారు. పచ్చిరొట్ట ఎరువు అదే.

మన పొరుగున తమిళనాడులో నైవేలి ఉంది. ఆ లిగ్నైట్ సంస్థ 1956 నవంబరు 14న ఏర్పడింది. అక్కడ తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయంవారు కూడా కలిసి, గని మట్టిని బాగుచేసి వరి పండించారు. కనక ఇది కల కాదు.

సింగరేణిలో మాత్రం గుట్టల మీద ఎక్కువగా చెట్లు పెంచుతూ వచ్చారు. రాతిగుట్ట ఏటవాలుగా ఉంటుంది. అక్కడ నాగలి సాగదు. చెట్టు వేళ్ళు మట్టిని పట్టి ఆపుతాయి. అది మంచి పనే. అయితే అడవి పెరిగిందని పొలం తిరిగి వచ్చినట్టు కాదు. ఈ రెండిటికీ గల తేడా మనం మరిచిపోకూడదు.

2009లో కేంద్ర బొగ్గు మంత్రిత్వశాఖ ఒక నియమం పెట్టింది. గని మూసేటప్పుడు నేలను బాగుచెయ్యటానికి కావలసిన డబ్బును ఏటా ముందుగానే బ్యాంకులో వేరుగా జమ చెయ్యాలి. ఓపెన్‌కాస్టు గనికి హెక్టారుకు 6 లక్షల రూపాయల లెక్కన అప్పుడు నిర్ణయించారు. డబ్బు దాచటం మంచిదే. కాని పైమన్ను దాచకపోతే, తరవాత ఎన్ని లక్షలు పోసినా దాన్ని కొనలేము.

మీరే పరీక్ష చేసి చూడండి. మూడు కుండీలు తీసుకోండి. ఒకదానిలో తోట పైమన్ను పొయ్యండి. రెండవదానిలో, ఇంటి పునాదికి తీసిన లోతు మట్టి పొయ్యండి. మూడవదానిలో అదే లోతు మట్టికి రెండు గుప్పిళ్ళు పైమన్నూ, ఒక గుప్పెడు పశువుల ఎరువూ కలపండి. మూడింటిలోనూ మెంతులు చల్లి, సమంగా నీళ్ళు పొయ్యండి. మొదటి నాలుగు రోజులూ తేడా కనిపించకపోవచ్చు. మొలక గింజలో దాచుకున్న ఆహారమే తింటుంది. నెల రోజులు ఓపిక పట్టండి. ఏ కుండీలో మొక్క ఎంత ఎత్తు పెరిగిందో కొలిచి, పుస్తకంలో రాసుకోండి.

ఈసారి నయాపూల్ మీద దీపాలు వెలిగినప్పుడు, ఆ వెలుగు కోసం తన పొలం ఇచ్చిన రైతును ఒకసారి తలుచుకోండి. మనం ఆయనకు పొలం బాకీ ఉన్నాం. ఆ బాకీ తీర్చే విద్య మనకు తెలుసు. తోడు పారబోసుకోకుండా ఉంటే చాలు!