గాలి ఆడటం వేరు, గాలి దూరటం వేరు
– భవనాల శక్తి పరీక్షల్లో వాడే కొన్ని మాటలు –



ఏప్రిల్, మే నెలల్లో సారపాక, భద్రాచలం, కొత్తగూడెం వైపు ఎండ ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రాత్రి పది దాటినా స్లాబు కింద పడుకోలేక చాపలు చంకన పెట్టుకుని డాబా ఎక్కడం హాస్టళ్లలో చదివిన వారికి అలవాటే. "గది వేడిగా ఉంది సార్" అంటే వినేవారు తక్కువ. అదే మాట లెక్కతో రాసిస్తే ఫైలులోకి ఎక్కుతుంది. ఆ లెక్కలకు ఇంజనీర్లు వాడే మాటలు కొన్ని ఇక్కడ చెబుతాను. పాలిటెక్నిక్‌కు, ఇంజనీరింగ్‌కు వెళ్లే తమ్ముళ్లకు ముందు ముందు పనికొస్తాయి.

మొదటిది ఎన్వలప్. ఉత్తరం కవరు కాదు. గోడలు, పైకప్పు, కిటికీలు, తలుపులు అన్నీ కలిసి భవనానికి ఉండే తొడుగు. బయటి ఎండకూ లోపలి మనిషికీ మధ్య ఉన్నదంతా ఇదే.

ఆ తొడుగు వేడిని ఎంత దాటనిస్తుందో చెప్పే అంకె యు-వేల్యూ. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు గుండా ఎన్ని వాట్ల వేడి దాటుతుందన్న లెక్క అది. ఎంత తక్కువైతే అంత మంచిది. 9 అంగుళాల ఇటుక గోడకు ఇది సుమారు 2 ఉంటుంది. ఏ పూతా లేని సిమెంటు స్లాబుకు 3 పైనే. కేంద్ర ప్రభుత్వ సంస్థ బి.ఇ.ఇ. ఇళ్ల కోసం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహితలో పైకప్పుకు 1.2 మించరాదని ఉంది. తేడా మీరే చూడండి! మన కోయగూడేల్లో మందంగా గడ్డి కప్పిన ఇల్లు మధ్యాహ్నం చల్లగా ఉండేది కూడా ఇందుకే. పోచల మధ్య చిక్కుకున్న గాలి వేడిని తొందరగా దాటనివ్వదు.

డాబాకు తెల్ల రంగు వేస్తే యు-వేల్యూ తగ్గుతుందని కొందరు రాస్తుంటారు. అది సరికాదు. రంగు ఎండను వెనక్కి తిప్పి కొడుతుంది, స్లాబుకు ఎక్కే వేడే తగ్గుతుంది. దీన్నే కూల్ రూఫ్ అంటారు. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ విధానం ప్రభుత్వ భవనాలకు దీన్ని తప్పనిసరి చేసింది. అర్జీ రాసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక గాలి సంగతి. ఇంగ్లీషు పుస్తకాల్లో వెంటిలేషన్, ఇన్‌ఫిల్ట్రేషన్ అని రెండు మాటలు పక్కపక్కనే కనబడి చాలామంది తికమక పడతారు. నిజానికి ఈ తేడా మన ఇళ్లలో అమ్మలకు ఎప్పుడో తెలుసు. కిటికీ తెరిచి "గాలి ఆడుతోంది" అంటారు. తలుపు సందు చూపించి "చలిగాలి దూరుతోంది" అంటారు. మనం కావాలని రానిచ్చేది వెంటిలేషన్. అడగకుండా సందుల్లోంచి దూరేది ఇన్‌ఫిల్ట్రేషన్. అదే లోపలి గాలి బయటికి కారిపోతే ఎక్స్‌ఫిల్ట్రేషన్. రెండింటినీ కలిపి గాలి లీకేజీ అంటారు.

ఈ లీకేజీని కొలిచేది బ్లోయర్ డోర్ పరీక్ష. గుమ్మానికి గుడ్డ బిగించి, అందులో పెద్ద ఫ్యాను అమర్చి, మిగతా తలుపులు, కిటికీలు మూసేస్తారు. ఫ్యాను లోపలి గాలిని బయటికి తోడేస్తుంటే సందుల్లోంచి బయటి గాలి దూసుకొస్తుంది. లోపలికీ బయటికీ పీడనంలో 50 పాస్కల్స్ తేడా వచ్చే దాకా ఫ్యాను వేగం పెంచుతారు. 50 పాస్కల్స్ అంటే భయపడాల్సిందేమీ లేదు, 5 మిల్లీమీటర్ల ఎత్తు నీళ్లు మోపే పీడనం అంతే. గంటకు 33 కిలోమీటర్ల గాలి గోడకు తగిలినట్టు. అప్పుడు ఫ్యాను గంటకు తోడే గాలిని గది ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చేది ఏసీహెచ్50. ఉదాహరణకు 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న గదిలో 90 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. ఫ్యాను గంటకు 900 ఘనపు మీటర్లు తోడితే ఏసీహెచ్50 విలువ 10. జర్మనీలో పుట్టిన పాసివ్ హౌస్ ప్రమాణం ప్రకారం ఇది 0.6 దాటకూడదు.

అలాగని మన హాస్టల్ గదుల సందులన్నీ పూడ్చమని కాదు. అక్కడ చలి దేశం, లోపలి వెచ్చదనం పోకూడదు. మన దగ్గర ఏసీ నడిచే గదులకే బిగుతు అవసరం. ఇరవై మంది పడుకునే గదికి కావలసింది గాలి ఆడటం, అంటే ఎదురెదురు కిటికీలు. కిటికీలున్నా ట్రంకు పెట్టెలు అడ్డం పెడితే లాభం లేదనుకోండి! ఫ్యాన్లు ఆపి, వెలిగించిన అగరుబత్తిని సందు దగ్గర పట్టుకుని చూడండి. పొగ నిటారుగా లేస్తే అక్కడ గాలి కదలడం లేదు, వంగితే ఏ వైపు పోతోందో తెలుస్తుంది. పెద్ద పరీక్షల్లో కూడా లీకు ఎక్కడుందో వెతకడానికి పొగనే వాడతారు.

చివరి మాట ఇ.పి.ఐ. ఏడాదికి కాలిన కరెంటు యూనిట్లను భవనం చదరపు మీటర్లతో భాగిస్తే ఇది వస్తుంది. 1,000 చదరపు మీటర్ల భవనం 20,000 యూనిట్లు వాడితే ఇ.పి.ఐ. 20. తక్కువ ఉంటే మంచి భవనమని పుస్తకాలు అంటాయి. కానీ ఫ్యాన్లు చాలక పిల్లలు ఉక్కపోతతో పడుకున్నా ఈ అంకె తక్కువే వస్తుంది. కాబట్టి ఇ.పి.ఐ. పక్కన గది ఉష్ణోగ్రత కూడా రాయకపోతే ఆ లెక్కను నేను లెక్క అనను.

ఇవన్నీ హైదరాబాదులో కళ్లారా చూడవచ్చు. అక్కడి సి.ఐ.ఐ. గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా బయట లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన మొదటి భవనం అదే. ఈ రంగంలో ఉద్యోగం కావాలంటే బి.ఇ.ఇ. నిర్వహించే జాతీయ ఎనర్జీ ఆడిటర్ పరీక్ష ఉంది. ఇంజనీరింగ్ డిగ్రీ గానీ డిప్లొమా గానీ, దానికి తగ్గ అనుభవం ఉండాలి. 2001 ఇంధన పొదుపు చట్టం కాగితం పరిశ్రమను కూడా ఎక్కువ శక్తి వాడే పరిశ్రమల జాబితాలో చేర్చింది. కనుక ఈ లెక్కలు తెలిసినవారి అవసరం సారపాక పేపర్ మిల్లు గేటు దాకా వచ్చి ఉంది.