తాటి నీరా – తాటి పాకము – తాటి బెల్లము: మన ఇంటి తీపికి ఒక మంచి దారి

మాఘమాసము ప్రవేశించినది మొదలు వైశాఖము ముగియువరకు మన గుంటూరు, ప్రకాశం మండలములలో ప్రకృతి రెండు పంటలను ఒకేసారి అందించుచున్నది. మెట్టచేలలో, కల్లములలో మిరపకాయ ఎర్రగా ఎండుచుండును. అదే కాలమున చేల గట్లపైన, కాలువల ఒడ్డున, వేటపాలెం, చీరాల, బాపట్ల ప్రాంతముల ఇసుక నేలలలో తాటిచెట్ల నుండి తియ్యని రసము కారుచుండును. ఒకటి ఘాటు, రెండవది చలువ. మొదటిదానిని గురించి అందరికిని తెలియును. రెండవదాని గురించి తెలిసినది కొంత, అపోహ కొంత. ఆ అపోహలు తొలగించి, తాటి రసమును ఇంటిల్లిపాదియు క్షేమముగా వాడుకొను విధానము తెలుపుటకే ఈ వ్యాసము.

భూర్జము – తాళము

చెట్టు నుండి రసము తీసి త్రాగుట మన దేశమునకు మాత్రమే పరిమితము కాదు. రష్యా, ఫిన్లాండ్, లాట్వియా వంటి శీతల దేశములలో వసంతారంభమున, చిగురు వేయకముందు, భూర్జ వృక్షపు మానుకు చిన్న రంధ్రము చేసి రసము పట్టుదురు. ఆయుర్వేదమునకు పరిచితమైన మన హిమాలయ భూర్జము ఆ జాతికి చెందినదే. అయితే ఆ రసములో చక్కెర పాలు నూటికి ఒకటి మాత్రమే. ఒక లీటరు పాకము కావలెనన్న సుమారు నూరు లీటర్ల రసమును కాచవలెను. మన తాటి రసములో చక్కెర నూటికి పది నుండి పదమూడు పాళ్ళ వరకు ఉండును. సుమారు ఎనిమిది లీటర్ల రసమునకు ఒక కిలో బెల్లము వచ్చును.

ఈ రెండు వృక్షములకు మరియొక చుట్టరికము కలదు. కాశ్మీర పండితులు భూర్జపత్రముపై గ్రంథములు వ్రాసినారు. మన పెద్దలు తాటాకుపై వ్రాసినారు. విద్యను నిలిపిన చెట్లే తీపిని కూడ ఇచ్చినవి. తాళమునకు సంస్కృతమున తృణరాజమను పేరు కలదు. తాడికొండ, తాడేపల్లి అను మన ఊళ్ళ పేర్లలో నేటికిని ఆ చెట్టు మాట వినబడుచున్నది.

నీరా వేరు, కల్లు వేరు

తాటిచెట్టుకు మానులో రంధ్రము చేయరు. పూగెలను మెల్లగా ఒత్తి, చివర పలుచగా చెక్కి, దానికి కుండను తగిలింతురు. గీత కార్మికుడు నడుమునకు మోకు వేసుకొని, ఉదయము, సాయంకాలము చెట్టెక్కి ఆ కోతను మరల సన్నగా గీయవలెను. గీత గీయనిచో రసము ఆగిపోవును. మగచెట్టు, ఆడచెట్టు రెండును రసమిచ్చును. నాటిన తరువాత పదునైదు, ఇరువది సంవత్సరములకు గాని తాడి గీతకు రాదు.

గెల నుండి కారునది తియ్యని నీరు. దానిలో మత్తు లేదు. గాలిలోను, కుండలోను ఉండు సూక్ష్మజీవులు ఆ చక్కెరను తిని పులియబెట్టినప్పుడు కల్లు అగును. ఎండ తగిలినకొలది పులుపు త్వరపడును. కుండ లోపల సున్నము పూసినచో ఆ క్షారగుణమునకు సూక్ష్మజీవులు పెరుగవు. రసము తియ్యగానే ఉండును. ఇదియే నీరా. కుండకు పూసిన సున్నపు పూతయే ఈ రెంటిని వేరు చేయుచున్నది.

భావమిశ్రుడు తన భావప్రకాశములో తాళరసము మదకరమనియు, పులిసిన పిమ్మట పిత్తమును పెంచి వాతమును తగ్గించుననియు చెప్పియున్నాడు. దీనిని చూచి కొందరు నీరాను కూడ మద్యముగా ఎంచుదురు. సున్నము లేని కుండలో రసము కారుచుండగనే పులియుట ఆరంభమగును గనుక గ్రంథకర్త చెప్పిన గుణము దానికి చెల్లును. సున్నపు కుండలో పట్టి, సూర్యోదయమునకు ముందే దింపిన రసము మధురము, శీతలము. దాహమును అణచి మూత్రమును సాఫీగా వెడలించును. పుల్లని వాసన, నురుగు కనిపించినచో అది నీరా కాదు. దానిని పిల్లలకు, గర్భిణులకు ఇవ్వరాదు.

పచ్చి రసమా, కాచిన రసమా?

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక చేయవలసియున్నది. 2001 నుండి బంగ్లాదేశ్‌లో నిపా అను ప్రాణాంతక జ్వరము తరచుగా కనిపించుచున్నది. ఆ దేశమున రాత్రివేళ ఈతజాతి చెట్టుకు కట్టిన కుండల వద్దకు పెద్ద గబ్బిలములు వచ్చి రసమును నాకును; వాటి ఉమ్మి, మూత్రము కలసిన పచ్చిరసమును త్రాగినవారికి ఆ జబ్బు సోకినట్లు వైద్య పరిశోధకులు నిర్ధారించినారు. మన తాటితోపులలోను గబ్బిలములు కలవు. కనుక భయపడి నీరాను విడువనక్కరలేదు గాని, జాగ్రత్తను విడువరాదు. కుండపైన, గెలపైన వల గాని, చాప ముక్క గాని కప్పి పట్టిన రసమునే కోరవలెను. ఇంటికి తెచ్చిన వెంటనే బాగుగా తెర్లునట్లు కాచి, చల్లార్చి త్రాగుట అన్నిటికంటె క్షేమము. కాచినందువలన తీపికి లోటు రాదు. కొంత చిక్కని రుచి వచ్చును.

ఇంటిలో తాటి పాకము

మంచి నీరా నాలుగు లీటర్లు దొరికినచో ఇంటిలోనే సుమారు అర లీటరు పాకము చేసుకొనవచ్చును. మొదట రసమును కదల్చక ఒక గంట చల్లనిచోట ఉంచవలెను. సున్నపు మడ్డి అడుగునకు దిగును. పైన తేరిన రసమును మెల్లగా వంచి, రెండు మడతల నూలుగుడ్డలో వడగట్టవలెను. వెడల్పైన స్టీలు పాత్రలో గాని, ఇనుప మూకుడులో గాని కాచవలెను. అల్యూమినియం పాత్ర పనికిరాదు. సున్నపు క్షారమునకు అది తినివేయబడును.

కాగునప్పుడు పైకి తేలు తెట్టును తీసివేయుచుండవలెను. పొంగు వచ్చినచో ఒక చుక్క నెయ్యి వేసిన అణగును. రసము ఎనిమిదవ వంతునకు దగ్గరపడి, తేనెవలె గరిటె నుండి జారుచున్నప్పుడు దింపి, తడి లేని గాజుసీసాలో పోయవలెను. ఇంకను కాచి, చల్లని నీటిలో ఒక చుక్క వేసి చూడగా గట్టి ఉండ కట్టినచో అది బెల్లపు పాకము. దించి కలియబెట్టి కొబ్బరిచిప్పలలో పోసినచో అచ్చులు వచ్చును. తాటి బెల్లము గాలిలోని తేమను త్వరగా పీల్చును గనుక శ్రావణమాసమునకు ముందే బిగుతు మూత గల డబ్బాలో దాచవలెను.

వాడుకొను పద్ధతులు

దిబ్బరొట్టెకు: చెరకు పాకమునకు బదులు తాటి పాకము వాడుకొనవచ్చును. వేడి రొట్టె ముక్కపై ఒక చెంచా చాలును.

పానకము: తాటి బెల్లము 100 గ్రాములు ఒక లీటరు నీటిలో కరిగించి వడగట్టవలెను. మిరియాల పొడి అర చెంచా, శొంఠి పొడి పావు చెంచా, ఏలకులు రెండు దంచి కలుపవలెను. శ్రీరామనవమి నాటికే ఎండలు ముదురును గనుక పొలము నుండి వచ్చినవారికి ఇది మంచి పానీయము.

రాగి జావ: రెండు చెంచాల రాగిపిండిని నీటిలో జారుగా కలిపి, ఒకటిన్నర గ్లాసుల నీటిలో ఉడికించి, దించిన తరువాత బెల్లము వేయవలెను. పాలు పోయదలచినచో జావ గోరువెచ్చనైన పిమ్మట పోయవలెను. పొయ్యిమీద ఉండగా బెల్లము, పాలు కలిపినచో పాలు విరుగును.

నువ్వుల ఉండలు: నువ్వులు 200 గ్రాములు దోరగా వేయించి, 150 గ్రాముల తాటి బెల్లపు పాకములో కలిపి ఉండలు చుట్టవలెను. ఎదుగు పిల్లలకు రోజునకు ఒకటి ఇవ్వవచ్చును. రెండేండ్లలోపు శిశువులకు మాత్రము ఏ తీపియు అలవాటు చేయరాదు.

శొంఠి ఉండలు: శొంఠి 25 గ్రాములు, మిరియాలు 10 గ్రాములు, పిప్పళ్ళు 10 గ్రాములు మెత్తగా చూర్ణము చేయవలెను. తాటి బెల్లము 150 గ్రాములు కొద్ది నీటితో లేతపాకము పట్టి, చూర్ణమును, రెండు చెంచాల నెయ్యిని కలిపి రేగిగింజంత ఉండలు చేయవలెను. జలుబు, గొంతు గరగర ఉన్నప్పుడు భోజనానంతరము ఒక్కొక్కటి, రోజునకు రెండుసార్లు చప్పరింపవలెను. కడుపులో పుండు, మంట ఉన్నవారు, గర్భిణులు, పసిపిల్లలు వాడరాదు.

ఘాటు, దూగర, బెల్లము

మిరప యార్డులలో, ప్రత్తి జిన్నింగు మిల్లులలో పనిచేయువారు సాయంకాలము ఒక బెల్లపు ముక్క తినుట పాత అలవాటు. బెల్లము ఊపిరితిత్తులలోని ధూళిని కడిగివేయునని వారి నమ్మకము. తినిన బెల్లము అన్నకోశమునకు పోవును గాని ఊపిరితిత్తులలోనికి పోదు. లాలాజలము ఊరి, గొంతు తడిసి, హాయి కలుగుట నిజము. అంతవరకే దాని మేలు. ధూళిని లోనికి పోకుండ ఆపవలసినది ముక్కునకు కట్టుకొను మాస్కు. ప్రత్తి దూగరలో పనిచేయువారికి సెలవు తరువాత పనిలో చేరిన నాడు రొమ్ము బిగిసినట్లుండి ఆయాసము వచ్చుచున్నచో, బెల్లముతో కాలయాపన చేయక వెంటనే ఛాతీ వైద్యునికి చూపుకొనవలెను. అది ప్రత్తి ధూళి వలన వచ్చు వ్యాధికి తొలి గుర్తు కావచ్చును.

మధుమేహులకు ఒక మాట

ఇటీవల నా వద్దకు వచ్చుచున్న మధుమేహ రోగులలో పలువురు అడుగుచున్న ప్రశ్న ఒకటే: "తాటి బెల్లము షుగరుకు మంచిదట గదా?" పర్చూరు వైపు నుండి వచ్చిన ఒక తల్లి, పంచదార పూర్తిగా మాని, తాటి బెల్లపు కాఫీ రోజుకు నాలుగుసార్లు త్రాగుచుండెను. మందులు సక్రమముగానే వేసుకొనుచున్నది. పథ్యమునకు లోటు లేదు. అయినను రక్తములోని చక్కెర దిగుటలేదు. కాఫీలోని బెల్లమును మాన్పించి, పగలు మజ్జిగ, ఉదయము జొన్నరొట్టె పెట్టుకొనుమని చెప్పితిని. మూడు నెలల తరువాత పరీక్ష ఫలితము ఆమెకే తృప్తి కలిగించినది. ఆమెను తప్పుపట్టను. తాటి బెల్లము అట్టలపై "మధుమేహులకు మేలు" అని అచ్చువేయుట ఎక్కువైనది. చదివినవారు నమ్ముట సహజము.

సత్యమేమనగా తాటి బెల్లములో మూడు వంతులకు పైగా చక్కెరయే. మన పంచదారలో ఉండునదే అందులోను ఉన్నది. శుద్ధిచేయని పదార్థము గనుక ఖనిజ లవణములు కొంత ఎక్కువ. రుచి, సువాసన మిన్న. ఆరోగ్యవంతుడు పంచదారకు బదులుగా, మితముగా వాడుకొనుటకు ఇవి చాలిన కారణములు. మధుమేహికి ఇవి అనుమతి పత్రములు కావు. నీరాకును ఇదే న్యాయము వర్తించును. మూత్రపిండముల వ్యాధి ఉన్నవారు, అందులోని పొటాషియం దృష్ట్యా, తమ వైద్యుని అడుగక తీసుకొనరాదు. ప్రమేహములో మధుర రసము, విశేషించి గుడవికారములు, వర్జ్యములని మన శాస్త్రము చెప్పుచున్నది. ఆ నిషేధము చెరకు బెల్లమునకే గాని తాటి బెల్లమునకు కాదని వాదించుట రోగికి అపకారము.

ఎక్కడ కొనవలెను?

బజారులో తాటి బెల్లము పేర పంచదార పాకము, చెరకు బెల్లము కలిపినవి కూడ అమ్ముచున్నారు. రంగును చూచి గాని, నీటిలో కరిగించి గాని ఖాయముగా తేల్చు ఇంటి పరీక్ష లేదు. గీత కాలములో, అనుమతి గల గీత కార్మికుని వద్దనో, వారి సహకార సంఘము వద్దనో కొనుటయే నమ్మకమైన మార్గము.

1934లో గాంధీజీ ఆధ్వర్యమున ఏర్పడిన అఖిల భారత గ్రామోద్యోగ సంఘము తాటి బెల్లమును గ్రామ పరిశ్రమగా ప్రోత్సహించినది. 1957లో ఏర్పడిన ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ ఆ పనిని కొనసాగించినది. మన రాష్ట్రమున పందిరిమామిడి ఉద్యాన పరిశోధనా స్థానము తాటి నీరాపైన, దాని ఉత్పత్తులపైన కృషి చేయుచున్నది. తెలంగాణ ప్రభుత్వము 2023లో హైదరాబాదున నీరా కేఫ్ తెరిచినది. పట్టణవాసులు గాజు గ్లాసులో త్రాగుచున్న ఆ నీరా కొరకు ఒక మనిషి తెల్లవారకముందే అరువది అడుగుల చెట్టెక్కవలసియున్నది. ఆ పనిలో మోకు జారిన ప్రాణమునకే ముప్పు. ఆ కష్టమునకు వెల రాక, వారి పిల్లలు ఈ వృత్తిని విడుచుచున్నారు. గీయువారు లేని చెట్లు గొడ్డలిపాలగుచున్నవి.

గృహిణులకు నా విన్నపము ఇది. ఇంటికి నెలకు కావలసిన తీపిని ముందు తగ్గించుడు. తగ్గించిన ఆ కొద్దిపాటిలో కొంత తాటి బెల్లము ఉండునట్లు చూడుడు. దానిని ఊరి గీత కార్మికుని వద్ద, బేరము చేయక కొనుడు. పొలము గలవారు తాటిపండు తిన్న తరువాత టెంకలను పారవేయక, వాన పడిన నేలలో గట్టు వెంబడి పాతిపెట్టుడు. అవి గీతకు వచ్చునప్పటికి నేటి పసిపిల్లలు సంసారులగుదురు.