టైరుకీ చలి వేస్తుంది

టైర్ల సంగతి నాకొకరు చెప్పవలసిన పని లేదని చాలాకాలం నమ్మాను. నమ్మకపోవటానికి కారణం కూడా లేదు. బెజవాడలో బస్సు డిపో టైర్ల సెక్షన్లో ముప్ఫయ్యొక్క సంవత్సరాలు పనిచేసి రిటైరైనవాణ్ణి. అల్లంత దూరం నుంచి చూసి, ఫలానా టైరు ఇంకా ఎన్ని వేల కిలోమీటర్లు తిరుగుతుందో చెప్పేవాణ్ణి. అరిగిన టైరుకి కొత్త రబ్బరు కట్టించి మళ్ళీ రోడ్డెక్కించటం మాకు నిత్యకృత్యం. అటువంటి నాకు డెబ్భయ్యో ఏట, సముద్రాలవతల, ఒక టైర్ల కొట్టాయన ఓనమాలు దిద్దించాడు.

మా అబ్బాయి గనుల ఇంజనీరు. కెనడాలో ఒంటారియో రాష్ట్రాన సడ్బరీ అనే ఊళ్ళో ఉద్యోగం. టొరంటో నుంచి ఉత్తరంగా రోడ్డు మీద దాదాపు 400 కిలోమీటర్లు. నికెల్ గనులకు పేరున్న ఊరు. 1964లో కట్టిన తొమ్మిది మీటర్ల నికెల్ నాణెం బొమ్మ ఒకటి ఊరికి గుర్తుగా నిలబడి ఉంటుంది. 2022 అక్టోబరులో నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్ళాం.

మేం వెళ్ళేసరికి వాడు ఒక పికప్ ట్రక్కు కొన్నాడు. ముందు కారులాగా ఉండి, వెనక సామాన్లకు తొట్టి ఉండే బండి. సెకండ్ హాండుదే గాని టైర్లు కొత్తవి. మా కోడలు ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీలుంటాయి. ఆ ట్రక్కు ఆమె కూడా నడుపుతుంది.

"మావయ్యగారూ, మీరైనా చెప్పండి. నవంబరు వచ్చేస్తోంది, చలికాలం టైర్లు వేయించమంటే వినిపించుకోరు" అంది.

"నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే బండి ఇది. పైగా టైర్ల మీద అన్ని ఋతువులకీ పనికొస్తాయని రాసే ఉంది" అన్నాడు వాడు.

నేను కిందికి వెళ్ళి చూశాను. గాట్లు లోతుగా, నవనవలాడుతూ ఉన్నాయి. "బంగారంలాంటి టైర్లమ్మా! వీటిని తీసి పక్కన పెట్టటం పాపం" అన్నాను. కోడలు మారు మాట్లాడలేదు. మా ఆవిడ మాత్రం నావైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

నవంబరు నడుమ మొదటి మంచు పడింది. చీలమండ మునిగేంత. ఆ మర్నాడు పాలకోసం నేనూ, అబ్బాయీ, ఆరేళ్ళ మనవడూ ట్రక్కులో బయల్దేరాం. బండి ఏనుగులా ముందుకి సాగింది. "చూశారా నాన్నగారూ!" అన్నాడు వాడు. "చూశాను" అన్నాను.

వీధి చివర చిన్న పల్లం. పల్లం దిగగానే అడ్డరోడ్డు, అక్కడ ఆగమని ఎర్రబోర్డు. వాడు ముందుగానే బ్రేకు వేశాడు. కాళ్ళ కింద ఏదో గరగరలాడింది. బండి ఆగలేదు. తొందరా లేదు, చప్పుడూ లేదు, పెళ్ళివారి పల్లకీలా మెల్లగా జారుకుంటూ బోర్డు దాటి అడ్డరోడ్డు మధ్యకి వెళ్ళి నిలబడింది. అటు చూస్తే మంచుతోసే పెద్ద లారీ. డ్రైవరు హారను కొట్టి, పక్కకి తిప్పుకుని, మమ్మల్ని తప్పించి వెళ్ళిపోయాడు. నడుమ ఉన్న జాగా నాలుగు బారలుంటుందేమో.

వెనకసీటులో మనవడు, "తాతయ్యా, మళ్ళీ జారదామా?" అన్నాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. పాలు తేకుండానే ఇంటికొచ్చాం.

ఆ మధ్యాహ్నం నలుగురం కలిసి టైర్ల కొట్టుకి వెళ్ళాం. కొట్టాయన నా వయసువాడే. నేనూ టైర్లవాణ్ణేనని తెలిసి కుర్చీ వేశాడు. మా ట్రక్కు టైరు మీద గోరుతో నొక్కమన్నాడు. బయట చలిలో ఉండి వచ్చిన రబ్బరు చెక్కలా ఉంది. పక్కనే చలికాలం టైరు, అదీ బయటినుంచి తెచ్చిందే. నొక్కితే గోరు దిగింది.

అప్పుడు వెలిగింది నాకు. మా బెజవాడలో టైరుకి శత్రువు ఎండ. రోహిణీ కార్తెలో తారు కరుగుతుంటే, రబ్బరు గట్టిగా ఉండాలనే చూసుకున్నాం. ఇక్కడ శత్రువు చలి. రబ్బరు రోడ్డు గరుకులోకి మెత్తగా ఒదిగితేనే పట్టు. వేడి తగ్గి సుమారు 7 డిగ్రీలకు దిగేసరికి మామూలు రబ్బరు బిగుసుకోవటం మొదలెడుతుంది. చలికాలం టైరు రబ్బరులో సిలికా ఎక్కువగా వేసి, గడ్డకట్టే చలిలోనూ మెత్తగా ఉండేట్టు చేస్తారు. పైగా దిమ్మల మీద బ్లేడుతో గీసినట్టు వందలకొద్దీ సన్నని చీలికలుంటాయి. వాటి అంచులు మంచుని కరిచి పట్టుకుంటాయి.

"మరి నాలుగు చక్రాల బలమో?" అన్నాడు మా అబ్బాయి.

"అది బండిని కదిలించటానికి. ఆపటానికి ఏ బండికైనా నాలుగు చక్రాలకీ బ్రేకులుంటాయి. ఆపేది టైరు పట్టు ఒక్కటే. బాగా కదులుతోంది కదా అనే ధైర్యమే మీలాంటివాళ్ళ కొంప ముంచుతుంది" అన్నాడాయన. కోడలు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది, పాపం.

తరవాత గుర్తులు చూపించాడు. టైరు పక్కన 'ఎం ప్లస్ ఎస్' అని ఉంటే అది బురదకీ మంచుకీ అని పేరు. కాని ఆ గుర్తు గాట్ల ఆకారాన్నిబట్టి వేసుకునేది, మంచు మీద పరీక్ష చేసి ఇచ్చింది కాదు. మూడు శిఖరాల కొండ, అందులో మంచుపువ్వు ఉన్న బొమ్మ వేరు. 1999 నుంచి వాడుకలోకి వచ్చిన ఆ బొమ్మ, మంచు మీద పట్టు పరీక్షలో నెగ్గిన టైరుకే వేస్తారు. మా బంగారం టైర్ల మీద మొదటిది ఉంది, రెండోది లేదు.

ఇక ఎంపిక. అబ్బాయికి వెడల్పు టైర్ల మీద మోజు. బండికి కంపెనీ ఇచ్చిన కొలత 265/70ఆర్17. అంటే వెడల్పు 265 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో నూటికి 70 వంతులు, రిమ్ము 17 అంగుళాలు. వీడు 285 కావాలన్నాడు. "వెడల్పయితే లోతు మంచు మీద తేలుతుంది. సన్ననిదైతే కోసుకుని అడుగున రోడ్డుని అందుకుంటుంది" అని కొట్టాయన పాత కొలతకే ఉంచాడు.

"బండిలో ఏం మోస్తారు?" అని అడిగాడు. పనిముట్ల పెట్టె, శనివారం కూరగాయలు, అంతే. అయితే పది పొరల బలమని చెప్పే బరువు టైర్లు అక్కర్లేదట. అవి రోజూ టన్ను సరుకు మోసేవాళ్ళకి. ఖాళీ బండికి కఠినంగా ఉంటాయి. తలుపు పక్కన అంటించిన చీటీలో ఉన్న బరువు అంకెకి మాత్రం తగ్గకూడదు. ఆ అంకె నేనే సరిచూశాను.

మేకుల టైర్లు కూడా ఉన్నాయి. రబ్బరులో చిన్న లోహపు మేకులు దిగ్గొట్టి ఉంటాయి. రోడ్డుని పాడు చేస్తాయని దక్షిణాది ఒంటారియోవాళ్ళకు వాటిని కూడదన్నారు గాని, ఉత్తరాదివాళ్ళకు చలినెలల్లో అనుమతి ఉంది. అద్దంలాంటి మంచుగడ్డ మీద వాటికి సాటి లేదు. కాని మావాళ్ళు తిరిగేవన్నీ మంచుతోసి ఉప్పు చల్లే రోడ్లు. మేకులు వద్దనుకున్నాం.

రెండే కొంటే సగం ఖర్చు కదా అన్నాన్నేను, పాత బుద్ధి పోక. కొట్టాయన తల అడ్డంగా ఊపాడు. వెనక రెండే వేస్తే ముందు తిరగదు, ముందు రెండే వేస్తే వెనక గిరుక్కున తిరిగిపోతుంది. నాలుగూ ఒక్కటిగా ఉండవలసిందే.

పక్కగోడ మీది నాలుగంకెలు మాత్రం నాకెవరూ చెప్పనక్కర్లేదు. మొదటి రెండూ వారం, తరవాతి రెండూ సంవత్సరం. ఆ ఏడాదివే ఇవ్వమన్నాను. వేరే ఇనప రిమ్ములు కూడా తీసుకున్నాం. ఏటా రెండుసార్లు టైర్లు ఊడదీసి ఎక్కించే కూలీ కలిసొస్తుంది.

అంతా కలిసి దాదాపు 1,900 డాలర్లు. మన లెక్కలో లక్ష రూపాయలు దాటింది. నా గుండె కలుక్కుమంది. అయితే 2016 జనవరి నుంచి ఒంటారియోలో చలికాలం టైర్లు వేసుకున్నవారికి ఇన్సూరెన్సు కంపెనీలు రాయితీ ఇచ్చితీరాలట. పైగా ఈ నాలుగు తిరిగినన్నాళ్ళూ ఆ నాలుగు అరగవు.

ఇంటికొచ్చాక వెనక ఇరుసు మీదుగా తొట్టిలో నాలుగు ఇసుక బస్తాలు పెట్టి, కదలకుండా కట్టాం. ఖాళీ తొట్టి బండికి వెనక బరువుండదు, తోక ఆడిస్తుంది. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు ఎదురెదురుగా మళ్ళీ బిగించాను. చలి అయిదారు డిగ్రీలు పెరిగినప్పుడల్లా టైర్లో గాలి ఒక పౌను తగ్గుతుంది. అందుకని వారానికోసారి గాలి చూడటం నా డ్యూటీ అయింది.

జనవరిలో ఒక రాత్రి. బయట మైనస్ 28. కోడలికి రాత్రి డ్యూటీ. తెల్లవారుజామున గాలివాన, కాదు, గాలిమంచు. నాకు నిద్రపట్టక కిటికీ దగ్గర కూర్చున్నాను. ఏడున్నరకు పల్లం మీద రెండు దీపాలు కనిపించాయి. ట్రక్కు దిగింది. ఎర్రబోర్డు దగ్గర నెమ్మదించింది. ఆగింది. బోర్డుకి ఇవతలే ఆగింది! అడ్డంగా ఒక బస్సు వెళ్ళిపోయింది. తరవాత మా ఇంటివైపు తిరిగింది.

నేనే కాఫీ కలిపి ఇచ్చాను. "అమ్మాయ్, ఆ రోజు నేనన్నమాట తప్పు" అన్నాను. "ఏ మాట మావయ్యగారూ?" అని నవ్వి, చేతులు కప్పు మీద వెచ్చబెట్టుకుంది.

చలికాలం టైరుంటే ఎలా నడిపినా ఫరవాలేదని కాదు సుమండీ. మంచు మీద ఏ టైరైనా పొడిరోడ్డు మీదలా ఆగదు. అది ఇచ్చేది నాలుగు బారల జాగా. మాకా రోజు మిగిలింది అంతే మరి.

మీ పిల్లలు చలిదేశాల్లో ఉంటే, ఈసారి ఫోనులో ఏం వండుకున్నారని అడిగాక, టైరు పక్కన కొండా మంచుపువ్వూ ఉన్నాయా అని కూడా అడగండి.