పల్నాటి బడి, పంతులు నమ్మకం

యడ్లపాడు మండలం బోయపాలెంలో జిల్లా విద్యా శిక్షణ సంస్థ ఉంది. డైట్ అంటే అందరికీ తెలుస్తుంది. ఉమ్మడి గుంటూరు జిల్లా ప్రాథమిక పాఠశాలలకు పంతుళ్లను, పంతులమ్మలను తయారుచేసిన చోటది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడ్డాక ఈ జిల్లా లెక్కలోకి వచ్చింది. అక్కడ చదివేవాళ్లకైనా, బీఈడీ చేసేవాళ్లకైనా విద్యా తాత్వికత తప్పని పాఠం. రూసో, డ్యూయీ, టాగూర్, గాంధీ వరసగా వస్తారు. విద్య లక్ష్యమేమిటని ప్రశ్న పడితే సర్వతోముఖాభివృద్ధి అని రాస్తారు, మార్కులు పడతాయి.

డీఎస్సీ రాసి, ఉద్యోగం వచ్చి, మాచర్ల అవతల ఏ తండాలోనో ఏకోపాధ్యాయ పాఠశాల తాళం చేతికొచ్చాక అదే ప్రశ్న వేరే రూపాల్లో ఎదురవుతుంది. ముందు వరసలో ఎవరిని కూర్చోబెట్టాలి? మూడో తరగతికి వచ్చినా అక్షరాలు రాని పిల్లవాడి కోసం పాఠం ఆపాలా, సిలబస్ పూర్తిచేయాలా? నెల రోజులుగా మిరప కోతలకు వెళ్తున్న అమ్మాయి పేరు ఎదురుగా ఆబ్సెంట్ వేస్తూ పోవాలా, సాయంత్రం వాళ్ల గుమ్మం దాకా వెళ్లి అడగాలా? చదువంటే ఒక టీచరు ఏమనుకుంటున్నారో తెలియాలంటే పరీక్ష పేపర్లో రాసిన జవాబు అక్కర్లేదు. ఈ చిన్న నిర్ణయాలు చూస్తే చాలు. పల్నాడులో ఈ నిర్ణయాలన్నీ చివరికి ఒక్క దగ్గరికే చేరతాయి: ఏ బిడ్డకు చదువు వస్తుందని ఆ టీచరు నమ్ముతున్నారు?

తన నమ్మకాలను దాచుకోకుండా కాగితం మీద పెట్టిన వాళ్లలో ప్రపంచమంతా ఎరిగినవాడు అమెరికా తత్వవేత్త జాన్ డ్యూయీ. 1897లో ఆయన విద్య మీద తన విశ్వాసాలను ఒక చిన్న ప్రకటనగా అచ్చువేశాడు. పిల్లలు రేపెప్పుడో బతకబోయే బతుకుకు బడి శిక్షణ శిబిరం కాదని, బడిలో గడిపే రోజులు కూడా వాళ్ల బతుకేనని ఆయన వాదన. అంతకు ముందు ఏడాదే షికాగోలో ఒక ప్రయోగ పాఠశాల తెరిచి వంట, నేత, వడ్రంగం పనుల మీదుగా లెక్కలూ సైన్సూ నేర్పించి చూశాడు. ఆ తర్వాత ఆయన కొలంబియా విశ్వవిద్యాలయానికి మారాడు. 1913లో అక్కడ చేరిన భీమ్‌రావ్ అంబేడ్కర్ ఆయన పాఠాలు విన్నారు, జీవితాంతం ఆయన్ని గురువుగా తలచుకున్నారు. బడి ప్రజాస్వామ్యానికి తొలి మెట్టు అన్న డ్యూయీ ఆలోచనకు బడి గడప బయటే ఆగిపోయిన కోట్ల మంది పిల్లల గొంతు అంబేడ్కర్ వల్ల తోడైంది.

ఆ గడప కథ పల్నాడులో ఇంకా ముందే మొదలైంది. 1842 జూలై 31న గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్, 1849లో గురజాలకు మకాం మార్చాడు. ఫాదర్ హయ్యర్ అంటే ఈ ప్రాంతపు క్రైస్తవులకు ఇప్పటికీ తెలుసు. ఆయన బళ్లు పెట్టాడు, ఆడపిల్లలనూ రమ్మన్నాడు. చదువు దేనికంటే ఆయన దగ్గర తడుముకోని జవాబుంది: బైబిలు చదవడానికి. ఆ లక్ష్యంతో ఏకీభవించని వాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కానీ అక్షరాలు వచ్చినవాడు ఆ తర్వాత ఏం చదువుతాడో నేర్పినవాడి చేతిలో ఉండదు. బైబిలు చదవడానికి నేర్చిన తెలుగే అప్పు పత్రం చదవడానికీ, అర్జీ రాసుకోవడానికీ పనికొస్తుంది. అక్షరం మీ జాతికి కాదన్న మాట తరతరాలుగా వింటున్న కుటుంబాల పిల్లల చేతికి పలకా బలపం ఇవ్వడం ఆ రోజుల్లో చిన్న పని కాదు.

హయ్యర్ వచ్చి అర్ధ శతాబ్దం దాటాక, ఇప్పటి పల్నాడు జిల్లాలోని వినుకొండలో 1895 సెప్టెంబర్ 28న గుర్రం జాషువా పుట్టారు. తండ్రి వీరయ్య యాదవ కులస్థుడు, తల్లి లింగమ్మ మాదిగ. బడిలో అవమానాలు ఎన్నో పడ్డారు. అలాంటి కుర్రవాడికి జూపూడి హనుమచ్ఛాస్త్రి సంస్కృత కావ్యాలు చెప్పారు. మేఘదూతం, రఘువంశం, కుమారసంభవం ఆయన దగ్గరే చదివారు. ఆ కాలపు వినుకొండలో ఒక పండితుడు ఒక దళిత కుర్రవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని కాళిదాసును విప్పి చెప్పడమంటే, ఏ వ్యాసంలోనూ దొరకనంత స్పష్టమైన విద్యా తాత్వికత అందులోనే ఉంది.

జాషువా కూడా పంతులే అయ్యారు. తొలి ఉద్యోగం మిషనరీ బడిలో, నెలకు 3 రూపాయల జీతం. అది పోయాక రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చెప్పే వాచకుడిగా పనిచేశారు. తర్వాత గుంటూరులో లూథరన్ చర్చి నడిపే ఉపాధ్యాయ శిక్షణాలయంలో దాదాపు పదేళ్లు, 1928 నుంచి 1942 వరకు ప్రభుత్వ శిక్షణాలయంలో తెలుగు పండితుడిగా ఉన్నారు. అంటే ఆయన పాఠం విన్నవాళ్లు చాలామంది పల్లెలకు వెళ్లి పంతుళ్లయ్యారు. కవిగా ఆయన్ని తలచుకునే మనం ఈ పంతుళ్ల పంతులును ఎందుకో మరిచిపోతాం. 1941లో వచ్చిన గబ్బిలం ఖండకావ్యంలో ఒక అంటరాని పేదవాడు తన గోడును గబ్బిలం చేత శివుడికి కబురంపుతాడు. యక్షుడు మేఘంతో సందేశం పంపిన కాళిదాసు కావ్యమే దానికి మూలం. గురువు చెప్పిన మేఘదూతాన్ని శిష్యుడు అలా తనదిగా చేసుకున్నారు. చదువు పరమార్థం ఏమిటని అడిగేవాళ్లకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలుగు నేల మీద వెతకడం కష్టం.

టీచరు నమ్మకం పిల్లవాడి తెలివిని మార్చగలదా అని పరిశోధకులు కొలిచి చూశారు. 1960లలో అమెరికాలో రోసెంథాల్, జేకబ్‌సన్ ఒక బడిలో కొందరు పిల్లల పేర్లు టీచర్లకిచ్చి, వీళ్లు ఈ ఏడాది బాగా రాణిస్తారని చెప్పారు. నిజానికి ఆ పేర్లు చీటీలు తీసినట్టు ఎంచినవే. ఏడాది చివర పరీక్ష పెడితే చిన్న తరగతుల్లో ఆ పిల్లలే ముందుకు పోయారు. 1968లో ఇది పుస్తకంగా వచ్చింది. తర్వాతి పరిశోధకులు దాని లెక్కలను తప్పుపట్టారు, ప్రభావం అంత పెద్దది కాదని తేల్చారు. అసలు లేనే లేదని మాత్రం ఎక్కువమంది అనలేదు.

మన దేశంలో జరిగిన ప్రయోగం ఇంకా నొప్పి కలిగిస్తుంది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 6, 7 తరగతుల మగపిల్లలకు కాగితం మీద పజిల్ దారులు ఇచ్చి దాటమన్నారు. కులం ఊసెత్తనప్పుడు దళిత పిల్లలూ అగ్రకుల పిల్లలూ సమానంగానే చేశారు. అందరి ముందూ పేరుతో పాటు కులం కూడా చదివి మొదలుపెట్టినప్పుడు దళిత పిల్లల ఫలితం పడిపోయింది. పజిల్ అదే, పిల్లల తెలివీ అదే. 2004లో బయటికొచ్చిన ఈ అధ్యయనాన్ని హాజరు పట్టీ తెరిచే ప్రతి టీచరూ చదవాలి. స్కాలర్‌షిప్ జాబితా కోసం కులం పేరు గట్టిగా చదవడం ఎన్నో బళ్లలో మామూలు పనే. ఆ పని ఆఫీసు గదిలోనూ చేసుకోవచ్చు.

కులం పిల్లల మధ్య గోడ కాకూడదన్న మాట కారెంపూడి, గురజాల, మాచర్లల్లో చెప్పడానికి పుస్తకాలతో పనిలేదు. కులాలన్నీ కలిసి భోంచేసే చాపకూడు పెట్టించిన బ్రహ్మనాయుడు, ఆయన చేరదీసిన మాల కన్నమదాసు, వీళ్ల కథ వీరగాథగా ఊరూరా వినిపించిన నేల ఇది. ఇప్పుడు ప్రతి సర్కారు బడిలోనూ మధ్యాహ్నం అలాంటి పంక్తి ఒకటి కూర్చుంటుంది. వండిన అన్నమే పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించాక 2003లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ భోజనానికి ప్రస్తుతం అన్నదానానికి పేరుపడ్డ డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఆ పంక్తిలో పిల్లలు తమంతట తాము గుంపులుగా విడిపోయి కూర్చుంటే చూసీ చూడనట్టు ఊరుకునే టీచరున్నారు, తానూ కంచం పట్టుకుని మధ్యలో కూర్చునే టీచరూ ఉన్నారు. ఆ పూట వాళ్లు చెప్పిన సాంఘిక శాస్త్రం పాఠం కంటే పిల్లలకు గుర్తుండేది అదే.

భాష సంగతి మరొకటి. వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు తండాల్లో పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. ఒకటో తరగతిలో తెలుగు పుస్తకం, ఇప్పుడు దాని పక్కనే ఇంగ్లిషు. నోరు మెదపని పిల్లను మొద్దు అనుకోవడం తేలిక. అలా అనుకోనివాడు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చరిత్ర చెప్పే ఆయన, సవరల పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని, వాచకాలు రాసి, సొంత డబ్బుతో బళ్లు నడిపారు. ప్రభుత్వం పారితోషికం ఇస్తానంటే ఆ డబ్బుతో బడి పెట్టమన్నారు. ఎంతో కాలానికి, 2004లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో తొలి తరగతుల చదువు మొదలుపెట్టింది. సవర, లంబాడీ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. తండా బడికి బదిలీ అయిన టీచరు గిడుగు అంత చేయనక్కర్లేదు. పిల్లలతో ఇంటి సామాను పేర్లు వాళ్ల భాషలో చెప్పించుకుని బోర్డు మీద రాస్తే చాలు, మొద్దు అనుకున్న పిల్లే ముందుగా నోరు విప్పుతుంది.

అన్నిటికంటే గట్టి పరీక్ష మిరప కోతల కాలం. సంక్రాంతి దాటితే పల్నాడు చేలల్లో కాయ ఎర్రబడుతుంది, చేతులు చాలవు. కోసిగి, ఆదోని వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే వచ్చి చేల గట్ల మీద గుడిసెలు వేసుకుంటాయి. పిల్లలను సొంతూళ్లలోనే ఉంచేందుకు ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు పెట్టింది కానీ, అందరూ వాటిలో ఆగరు. చెల్లెలిని ఎత్తుకుని అక్క కూడా చేను దగ్గరికి వస్తుంది. మార్చి ఎండలో తల్లి కాయలు కోస్తుంటే ఆ అమ్మాయి చెట్టు నీడన పసిదానికి కాపలా. ఆ చేను దాకా బడి గంట వినిపిస్తూనే ఉంటుంది.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఆ అమ్మాయి గురించి స్పష్టంగా చెప్పింది. టీసీ లేదని వెనక్కి పంపకూడదు. పుట్టిన తేదీ కాగితం లేదని పంపకూడదు. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, వెనకబడిన పాఠాలకు ప్రత్యేకంగా నేర్పాలి. కొట్టకూడదు, మనసు గాయపడేలా మాట్లాడకూడదు. చట్టం ఇంతవరకే చేయగలదు. మూడు నెలల్లో వెళ్లిపోయే పిల్ల కోసం, పదో తరగతి ఫలితాల్లోనూ బడి ర్యాంకులోనూ ఎక్కడా కనిపించని పిల్ల కోసం, చేను దాకా నడిచి వెళ్లి తల్లితో మాట్లాడమని ఏ సర్క్యులరూ టీచరు చేత చేయించలేదు. ఆ మూడు నెలల్లో తన పేరు రాయడం, కూలి లెక్క కట్టడం నేర్చుకున్నా ఆ పిల్లకు లాభమేనని నమ్మినవాళ్లే వెళ్తారు. అలాంటి వాళ్లు పల్నాడు బళ్లలో ఉన్నారు. వాళ్లకు అవార్డులు రావు, వాళ్లు అడగరు కూడా.

ఎదురు గాలి కూడా తక్కువేం కాదు. నరసరావుపేట రోడ్ల మీద ఏ గోడ చూసినా ర్యాంకుల ఫొటోలే. పొలం తాకట్టు పెట్టి ఇంటర్ ఫీజు కట్టిన తండ్రి మార్కులే అడుగుతాడు, అందులో తప్పేమీ లేదు. కౌలుకు పోయి మిరప వేసి రేటు పడిపోయిన ఏడు చూసిన కుటుంబానికి పిల్లవాడి ఉద్యోగమే ఆధారం. తండ్రి ఆశను చులకన చేసే టీచరు నిలబడలేరు. అయితే తరగతిలో నలభై మంది ఉంటే, ర్యాంకు వచ్చే నలుగురి కోసం పాఠం నడిపి మిగతావాళ్లను బెంచీల చివర వదిలేయడం ఆ ఆశకు సేవ చేయడం కాదు. ఆ ముప్పై ఆరుగురికీ తండ్రులున్నారు.

2024 డిసెంబర్ 7న రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలలన్నింటిలో ఒకే రోజు తల్లిదండ్రులు, టీచర్ల మెగా సమావేశం జరిగింది. తర్వాత కూడా అలాంటి సమావేశాలు జరుగుతున్నాయి. ప్రోగ్రెస్ కార్డు చూపించి, ఫొటో దిగి, భోంచేసి పంపేస్తే అదొక ఉత్సవంగా మిగులుతుంది. ఈసారి వెళ్లే తల్లిదండ్రులు మార్కుల తర్వాత ఇంకో రెండు ప్రశ్నలు అడగవచ్చు: మా వాడు తరగతిలో ఎక్కడ కూర్చుంటాడు, ఎవరి పక్కన అన్నం తింటాడు? కోతల కాలంలో రాని పిల్లల ఇళ్లకు బడి తరఫున ఎవరు వెళ్తున్నారు, పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యులుగా మేమూ తోడు రావాలా?